వైపర్ హై స్పీడ్‌లోనే తిరుగుతోంది, స్విచ్ పోయిందా, వైరా?

కారు 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పది రోజులుగా ముందు వైపర్లు హై స్పీడ్‌లో మాత్రమే పనిచేస్తున్నాయి. లో, ఇంటర్మిటెంట్ (ఆగి ఆగి తిరగడం) రెండూ లేవు. హైలోంచి ఆఫ్ చేస్తే కిందికి దిగకుండా ఎక్కడుంటే అక్కడే, ఎక్కువసార్లు సరిగ్గా నా కళ్ల ముందే ఆగిపోతున్నాయి.

ఫ్యూజ్ బాగానే ఉంది. రిలే పక్కనున్న అదే నంబర్ రిలేతో మార్చి చూశా, తేడా లేదు. ఎర్త్ పాయింట్ గీకి శుభ్రం చేశా.

తర్వాత మల్టీమీటర్ పెట్టా. మోటార్ కనెక్టర్ ఊడదీసి, లీవర్ లోలో ఉంచితే లో వైర్‌లో 12.3 వోల్టులు. అదే కనెక్టర్ తగిలించి వెనక నుంచి చూస్తే 3 వోల్టులకు పడిపోతోంది. హై వైర్‌లో మాత్రం మోటార్ తిరుగుతున్నప్పుడు కూడా 11.9. బ్యాటరీ నుంచి లో పిన్‌కి నేరుగా వైర్ ఇస్తే మోటార్ చక్కగా తిరిగింది, కాబట్టి మోటార్ లోపల కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు అరగలేదనే అనుకుంటున్నా.

మెకానిక్ స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్ (వైపర్, లైట్ల లీవర్లుండే స్విచ్) మొత్తం మార్చాలంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. లో, ఇంటర్మిటెంట్, పార్కింగ్ (ఆఫ్ చేయగానే వైపర్లు కిందికి దిగడం) మూడూ ఒకేసారి పోయాయి, మూడింటికీ మోటార్ దాకా వెళ్లేది ఆ ఒక్క లో వైరే. పైగా డ్యాష్‌బోర్డ్ కింద వైర్ల కట్ట చేత్తో నొక్కితే ఒకసారి వైపర్ రెండు ఊపులు ఊగి ఆగింది. మళ్లీ ఎంత నొక్కినా ఊహూఁ.

ఎయిర్‌బ్యాగ్ జోలికి పోకుండా, స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ మాత్రమే తీసి, మోటార్ తగిలించి ఉండగానే ఏ రెండు పాయింట్ల మధ్య వోల్టేజ్ చూస్తే లోపం స్విచ్‌లోనా, వైర్‌లోనా అన్నది తేలుతుంది?