పారే నీళ్లల్ల ముద్ద ఎరకు ఎసెన్స్ ఎంత పట్టియ్యాలె?

బీచుపల్లి_గాలం:
బీచుపల్లి కాడ కృష్ణల బంగారు తీగ, రవ్వ చేపల కోసం అడుగు గాలం ఏస్తున్న. అరకిలో ముద్ద: సగం తవుడు, సగం పల్లి చెక్క (నూనె తీసినంక మిగిలే పిప్పి) పొడి. అండ్ల 25 మి.లీ. వెనీలా ఎసెన్స్, రెండు చెంచాల సోంపు నూనె. ఐదు నిమిషాలకే ముల్లు ఖాళీగ వస్తున్నది, చేప కొట్టిన జాడ లేదు. ఎసెన్స్ ఇంకా పెంచాల్నా?

నీలిబెండు:
పెంచుడు కాదు తమ్మీ, తగ్గించు. చేప రాకముందే ముద్ద కరిగిపోతున్నది. తవుడుకు, చెక్కకు సాగే జిగురు ఉండదు. మైదా కలిపినా, నూనె ముందే పోస్తే పిండికి పొర పట్టి జిగురు సాగదు.

అరకిలోకు మైదా 200 గ్రా., గోధుమ పిండి 100, చెక్క పొడి 150, దోరగ ఏంచిన తవుడు 50. ఎసెన్స్ ఒక్క టీ చెంచా, అంటే 5 మి.లీ. పొడి పిండి మీద పోస్తే ఒక్క కాడనే పట్టేస్తది, అందుకే నీళ్లల్ల కలిపి పొయ్యి. నీళ్లు 200 మి.లీ. కాడ మొదలుపెట్టి చూస్కుంట పెంచు, చెక్క ఒక్కో మిల్లుది ఒక్కో తీరు పీలుస్తది. పది నిమిషాలు పిసికి, తడిబట్ట కప్పి అరగంట ఉంచు. చిటికెడు దూది పోగులు ఇడదీసి కలిపితే ఇంకా ఆగుతది.

ఒడ్డు మీదనే బకెట్ల గోలీ అంత ముద్ద ముంచి చూడు. పావుగంట దాక అంచులు మెల్లగ రాలాలె, నడుమ గట్టిగుండాలె. అస్సలు రాలకున్నా తప్పే, వాసన లోపల్నే ఉండిపోతది.

మక్కగింజ:
ఆ సోంపు నూనె అడుగు గాలానికి దండగ. గ్లాసు నీళ్లల్ల రెండు చుక్కలేసి చూడు: తేలితే నూనె, కలిస్తే కరిగే రకం. నూనె పైకి లేస్తది, బంగారు తీగ అడుగున మేస్తది. పైనీళ్లల్ల తిరిగే బొచ్చె చేపకు, తేలే బెండు కిందనైతే పనికొస్తది.

నన్నడిగితే సీసాల కన్న మక్కల పులుపు నీళ్లే మేలు. మక్కలు ఒక రోజు నానబెట్టి, గోరు దిగేదాక ఉడికించి, అదే నీళ్లల్ల రెండు రోజులు పులియబెట్టు. మూత బిగించకు, గ్యాస్ పట్టి డబ్బా ఉబ్బుతది. ఎసెన్స్ ఎయ్యాలనుకుంటే చల్లారినంకనే. వేడి మీద పోస్తే సగం వాసన ఆవిరైపోతది.

బీచుపల్లి_గాలం:
ఎర్రలకు గూడ పట్టియ్యొచ్చా అన్నా?

నీలిబెండు:
డబ్బాల పోస్తే చస్తయి, మెత్తబడి ముల్లు మీద నిలువయి. గుచ్చినంక ఇసిరే ముందు ఒక్క ముంచు ముంచు.

దిగువరేవు:
వాసన ప్రవాహం ఎంబడి దిగువకు పోతది, చేప ఆ జాడ పట్టి ఎదురొస్తది. అందుకే నారింజకాయంత మేత ఉండలు నాలుగు, అదే వాసనతోటి, ముల్లు పడే చోటుకు రెండు మూడు గజాలు ఎగువకు ఎయ్యి. లోతు, ఉరవడి ఎక్కువుంటే ఇంకా ఎగువకు. గాలం ప్రతిసారి అదే గీతల పడాలె. తంబాకు, పెట్రోలు, దోమల క్రీము అంటిన చేతులతోటి ముద్ద పిసుకకు, మట్టితోటి రుద్ది కడుక్కో. ఎగువన జూరాల డ్యాం కాడ నీళ్లు ఇడిస్తే బీచుపల్లి కాడ ఉరవడి పెరుగుతది. గట్లున్నప్పుడు సామాను సర్దుకొని పైకి వచ్చెయ్యి.

గాలం అడుగుకు దిగేటందుకు కట్టే గుండు ఎంత బరువుదో నువ్వు రాయలే. అది అడుగున దొర్లుతుంటే ఎర వాసన గీత తప్పుతది. గుండ్రటిది కాదు, చదునుది కట్టు.