అప్‌డేట్: 4294967297 ప్రధాన సంఖ్య కాదు

పోయిన వారం అడిగాను కదా, 2 ఘాతం 32కి 1 కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యేనా అని. 3 నుంచి మొదలుపెట్టి 500 దాకా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి, విసిగిపోయి ఆపేశాను. ఇంకొంచెం ముందుకెళ్తే దొరికేదే: 641 × 6700417.

జవాబిచ్చిన వారికి చాలా థాంక్స్. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 128తో భాగిస్తే శేషం 1 రావాలన్న సూచనతో పని ఎంత తేలికైందో! 129, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు. మిగిలినవి 257, 641. అంటే రెండో భాగహారానికే తేలిపోయింది. గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా ఇలాంటి సంఖ్యలన్నీ (2 ఘాతం 1, 2, 4, 8, 16, 32...కి 1 కలిపితే వచ్చేవి) ప్రధానాలే అనుకున్నాడు, 1732లో మరో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ ఈ 641 చూపించాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం భాగహారమే లేని నిరూపణ. 641 అంటే 5×128+1, అదే 625+16 కూడా. కాబట్టి 641తో భాగించినప్పుడు వచ్చే శేషాల లెక్కలో 5×128 అంటే −1, 625 అంటే −16 (641కి 1 తక్కువ, 16 తక్కువ కదా). మొదటిదాన్ని నాలుగో ఘాతానికి పెంచితే (5⁴ = 625, 128 = 2⁷) 625×2²⁸ అంటే 1. అందులో 625 బదులు −16, అంటే −2⁴ పెడితే −2³² అంటే 1. అంటే 2³²+1కి శేషం 0. అయిపోయింది! రాత్రి కాగితం మీద నాలుగుసార్లు రాసుకున్నాను.

6700417 కూడా అదే సూత్రంతో చూశాను. వర్గమూలం 2588 దాటి కొంచెం, ప్రయత్నించాల్సినవి ఐదే: 257, 641, 769, 1153, 1409. ఏదీ భాగించలేదు. అది ప్రధాన సంఖ్యే.