అప్‌డేట్: కొండారెడ్డి బురుజు షాట్‌లో టైటిల్ జారడం ఆగింది

పోయిన నెల ఇక్కడే అడిగాను. కర్నూలులో ఫోన్‌తో తీసిన ప్రీ వెడ్డింగ్ షాట్: జంట బురుజు ముందు నడుస్తుంటే, వాళ్ల వెనక గోడ మీద పేర్లు నిలబడాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (వీడియోకి ఎఫెక్ట్స్ చేర్చే సాఫ్ట్‌వేర్) పేర్లేమో జారిపోతున్నాయి, జంటను వెనక దృశ్యం నుంచి వేరు చేసే రోటో బ్రష్ టూల్ అంచులేమో వణుకుతున్నాయి.

సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లో ఆ లెక్క) మారుతుంటుందని చెప్పిన అన్న మాటే నిజమైంది. అనంతపురంలో ఎడిటింగ్ చేసే మిత్రుడు ఫైల్ చూసి అదే అన్నాడు. హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో ఫైళ్లను మార్చే సాఫ్ట్‌వేర్) సెకనుకు 30 ఫ్రేమ్‌లకు, కాన్‌స్టంట్‌గా మార్చి మళ్లీ ట్రాక్ చేశాను. షాట్‌లోని పాయింట్లను బట్టి కెమెరా కదలికను లెక్కేసే కెమెరా ట్రాకర్ చూపే యావరేజ్ ఎర్రర్ 4 పిక్సెళ్ల నుంచి 1 లోపుకు దిగింది. నడిచే జంట మీద పడిన ట్రాక్ పాయింట్లను తీసేశాక మిగిలిన కొద్ది జారుడూ పోయింది. గోడ రాళ్ల మీది పాయింట్లు చాలు.

రోటోకి మాత్రం ఓపిక కావాల్సొచ్చింది. మొదటి ఫ్రేమ్ నుంచి కాకుండా, అమ్మాయి చెయ్యి చీర నుంచి విడిగా కనిపించే మధ్య ఫ్రేమ్‌లో గీత మొదలుపెట్టాను. అక్కడి నుంచి ఆ ఎంపిక ముందు, వెనక ఫ్రేమ్‌లకు రెండు వైపులా పాకుతుంది. గాలికి ఎగిరే కొంగు అంచుకు రిఫైన్ ఎడ్జ్ (సన్నని అంచుల్ని సరిచేసే టూల్) వాడాను.

కొత్త గ్రాఫిక్స్ కార్డు, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం, రెండూ అక్కర్లేదు. రీఇన్‌స్టాల్‌కి ఒక రోజు పోయింది.

అంచు కుదిరాక రోటో బ్రష్‌లో ఫ్రీజ్ నొక్కండి, లేకపోతే అది అంచుల్ని మళ్లీ లెక్కేస్తూ కూర్చుంటుంది.