యమహా ఆర్15 బైక్‌లో పచ్చ కూలెంట్ ఉంది, షాపులో ఎర్రది ఇచ్చారు: పొయ్యొచ్చా?

అడిగినవారు, గోదావరిఖని

అన్నలూ, నాది ఆర్15 వీ3. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కి కూడా గుర్తు లేదు. రిజర్వ్ ట్యాంకులో లెవెల్ కింది గీత దాటి దిగిపోయింది. మా దగ్గర మెకానిక్ "బోరు నీళ్లు పోసినా ఏం కాదు, మనకేమైనా మంచు పడుతుందా" అంటున్నాడు. షాపాయన ఎర్ర డబ్బా ఇచ్చాడు, లోపల చూస్తే పచ్చది ఉంది. రెండూ కలిస్తే జెల్ అయిపోయి రేడియేటర్ బ్లాక్ అవుతుందని ఫ్రెండ్ టెన్షన్ పెడుతున్నాడు. ఎండాకాలం మా దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా. ఏది పొయ్యాలి?

వరంగల్ నుంచి

పచ్చది ఉంటే పచ్చదే పొయ్యి తమ్ముడూ. ఇంత ఆలోచన ఎందుకు.

హైదరాబాద్ నుంచి

రంగు చూసి పొయ్యడంతోనే వస్తుంది తంటా. రంగు అనేది కంపెనీవాళ్లు కలిపే డై మాత్రమే, దానికి అందరూ పాటించే రూలేమీ లేదు. ఒక కంపెనీ పచ్చది, ఇంకో కంపెనీ పచ్చది లోపల పూర్తిగా వేరే మందులు అయ్యుండొచ్చు. ఎర్రది, పచ్చది ఒకే ఫార్ములా కూడా అయ్యుండొచ్చు. డబ్బా వెనక్కి తిప్పి చదవాలి.

అసలు సరుకు రెండు భాగాలు. ఒకటి గ్లైకాల్, అంటే నీళ్లు త్వరగా గడ్డకట్టకుండా, మరగకుండా చూసేది, దాదాపు అన్నింట్లో ఇథిలీన్ గ్లైకాలే. రెండోది తుప్పు పట్టకుండా కలిపే మందులు. తేడా అంతా ఈ రెండో దాంట్లోనే ఉంది. పాత రకంలో సిలికేట్లు ఉంటాయి, త్వరగా పని చేస్తాయి, త్వరగానే అయిపోతాయి. ఆర్గానిక్ యాసిడ్ రకం, అంటే డబ్బా మీద ఓఏటీ అని రాసేది, ఎక్కువ కాలం వస్తుంది. జపాన్ కంపెనీలు ఎక్కువగా సిలికేట్ లేకుండా, ఆర్గానిక్ యాసిడ్‌కి ఫాస్ఫేట్ జోడించిన రకం వాడతాయి. సిలికేట్ వల్ల వాటర్ పంప్ సీల్ అరుగుతుందని వాళ్ల అభ్యంతరం.

నీ బండికి కావలసింది: ఇథిలీన్ గ్లైకాల్ బేస్, అల్యూమినియం ఇంజన్లకు పనికొచ్చేది, సిలికేట్ లేనిది. జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి3306, ఐఎస్ 5759, వీటిలో ఏదో ఒక స్టాండర్డ్ నంబర్ ఉంటే ఇంకా మంచిది. నీ దగ్గర ఉన్న ఎర్ర డబ్బా మీద ఏముందో ఇక్కడ టైప్ చెయ్యి. లారీలకు, పెద్ద డీజిల్ ఇంజన్లకు అమ్మేది మాత్రం చౌకగా దొరికినా తీసుకోకు. వాటిలో కొన్నింట్లో లైనర్లను (సిలిండర్ లోపలి గొట్టాలను) కాపాడే నైట్రైట్ ఉంటుంది, నీ ఇంజన్‌కి దాంతో పని లేదు.

జెల్ సంగతి: కలపగానే గడ్డకట్టిపోవడం అరుదు. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, రెండు రకాల మందులు ఒకదాన్నొకటి బలహీనం చేసుకుంటాయి, మూడేళ్లు రావలసింది ఏడాదికే చస్తుంది. లోపల ఉన్నది ఏమిటో, ఎప్పటిదో నీకు తెలియదు కాబట్టి టాప్ అప్ వద్దు, మొత్తం దించేసి కొత్తది పొయ్యి. లీటరు అటూ ఇటూ సరుకు, దానికి ఇంత లెక్కలు అవసరం లేదు.

గుంటూరు నుంచి

మంచు పడదు కాబట్టి నీళ్లు చాలన్న మెకానిక్ మాటలో తప్పేముందండీ? గ్లైకాల్ కంటే మామూలు నీళ్లే వేడిని ఎక్కువ లాగుతాయి. రేస్ ట్రాకుల్లో చాలా చోట్ల గ్లైకాల్ పొయ్యనివ్వరు కూడా.

హైదరాబాద్ నుంచి

మొదటి మాట నిజమేనండీ. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉండే 50:50 మిశ్రమం మామూలు నీళ్ల కంటే పది, పదిహేను శాతం తక్కువ వేడి మోస్తుంది. ట్రాకుల్లో వద్దనేది వేరే కారణానికి: గ్లైకాల్ రోడ్డు మీద కారితే జారుడు, త్వరగా ఆరదు కూడా. ఆ బండ్లను రేసు అయ్యాక విప్పి చూస్తారు, మన బండి నెలల తరబడి అలాగే తిరుగుతుంది.

మరిగే పాయింట్ కూడా చూడండి. 15 పీఎస్ఐ ప్రెజర్ మూత కింద నీళ్లు దాదాపు 121 డిగ్రీలకు మరిగితే, 50:50 మిశ్రమం 129 దాకా ఆగుతుంది. సిగ్నల్ దగ్గర ఎండలో ఫ్యాన్ మీదే ఆధారపడి నిలబడ్డప్పుడు ఆ ఎనిమిది డిగ్రీలు అక్కరకొస్తాయి. అంతకంటే ముఖ్యం తుప్పు. ఉత్త నీళ్లలో అల్యూమినియం హెడ్‌ని, పంప్‌ని కాపాడేది ఏదీ ఉండదు.

బోరు నీళ్లయితే మరీ ఘోరం. వాటిలోని కాల్షియం గీజర్ రాడ్ మీద పేరుకున్నట్టే రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. దానికి తోడు కూలెంట్‌లో ఫాస్ఫేట్ ఉంటే కాల్షియంతో కలిసి ఇంకా గట్టి పొర కడుతుంది. ఉప్పు నీళ్లు, గట్టి నీళ్లు (హార్డ్ వాటర్) పొయ్యొద్దని యమహా మాన్యువల్‌లోనే ఉంటుంది.

అడిగినవారు, గోదావరిఖని

ఎర్ర డబ్బా మీద ఇలా ఉంది: "ఓఏటీ, సిలికేట్ రహితం, జేఐఎస్ కె 2234, కాన్సన్‌ట్రేట్, 1:1 నుంచి 1:2". నీళ్లు కలపాలా? ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు ఉన్నాయి, ఏసీ నుంచి కారేవి కూడా ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి

సరుకు బాగుంది, ఇదే వాడు. కాన్సన్‌ట్రేట్ కాబట్టి నీళ్లు కలపాల్సిందే. అలాగే పోసేస్తే ఇంకా బలంగా ఉంటుందనుకుంటారు గానీ, నీళ్లు లేని గ్లైకాల్ వేడిని సరిగా మోయదు. 1:1 కలుపు, అంటే ఎంత కూలెంట్‌కి అంత నీళ్లు, మన ఎండలకు అది సరిపోతుంది. అదే డబ్బా మీద "రెడీ టు యూజ్" అని ఉంటే చుక్క నీళ్లు కూడా కలపకూడదు.

నీళ్లకు బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తీసుకో. యాసిడ్ క్యాన్ పక్కనే పెడతారు, చూసుకో. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు, దారిలో ఆగిపోతే తప్ప వద్దు. ఏసీ నీళ్లు కాయిల్ మీది దుమ్ముతో వస్తాయి, వద్దు. నీళ్లలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటర్ ఉంటే క్యాన్‌లో ముంచి చూడు, సున్నా దగ్గర చూపించాలి.

విశాఖ నుంచి, బైక్ మెకానిక్

మార్చే పద్ధతి నేను చెప్తా. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత ముట్టుకోవాలి. వేడి మీద తీస్తే మొహం మీదికి ఎగజిమ్ముతుంది. డ్రెయిన్ బోల్ట్ సాధారణంగా వాటర్ పంప్ మూత మీద ఉంటుంది, దాని వాషర్ కొత్తది వెయ్యండి. పాతది దిగాక డిస్టిల్డ్ వాటర్ పోసి, కాసేపు ఇంజన్ నడిపి, చల్లార్చి మళ్లీ దించండి. తేటగా వచ్చేదాకా ఇదే పని. రిజర్వ్ ట్యాంక్ కూడా విప్పి కడగండి, మురికంతా అక్కడే ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు.

కొత్తది సన్నగా, నెమ్మదిగా పొయ్యండి. మూత తీసే ఉంచి ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, బండిని కొంచెం అటూ ఇటూ వంచితే గాలి బుడగలు బయటికొస్తాయి, లెవెల్ దిగుతుంది, మళ్లీ నింపండి. ఇంజన్ వేడెక్కక ముందే మూత బిగించెయ్యండి. మర్నాడు చల్లటి ఇంజన్ మీద రిజర్వ్ ట్యాంక్ మళ్లీ చూడండి, గాలి పోయి కొంత లోపలికి లాక్కుని ఉంటుంది.

ఇంకోటి, లెవెల్ ఎందుకు దిగిందో చూడకుండా కొత్తది పోస్తే డబ్బు దండగ. పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ చుక్కలు గానీ మరక గానీ కనిపిస్తే పంప్ సీల్ పోయినట్టు. మూతకి ఉండే రబ్బరు గట్టిపడితే వేడికి బయటికెళ్లిన కూలెంట్ మళ్లీ వెనక్కి రాదు, రిజర్వ్ నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ ఖాళీ అవుతుంది. ఇంజన్ ఆయిల్ పాల కాఫీలా కనిపిస్తే కూలెంట్ అందులో కలిసినట్టు, అప్పుడు మాత్రం బండి స్టార్ట్ చెయ్యకండి.

అడిగినవారు, గోదావరిఖని

చూశానన్నా. పంప్ కింద పొడిగానే ఉంది, ఆయిల్ బాగుంది. రేడియేటర్ హోస్ క్లిప్ దగ్గర పచ్చగా పొడి కట్టి ఉంది.

విశాఖ నుంచి, బైక్ మెకానిక్

దొరికింది. అది కారి ఎండిన కూలెంట్. క్లిప్ కొత్తది వెయ్యండి, హోస్ చివర పగుళ్లుంటే హోస్ కూడా. చౌకే.

బెంగళూరు నుంచి

ఇదే బండి మీద డిసెంబర్‌లో లద్దాఖ్ వైపు వెళ్తే ఇదే మిశ్రమం ఆగుతుందా?

హైదరాబాద్ నుంచి

1:1 అయితే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. 1:2, అంటే ఒక వంతు కూలెంట్‌కి రెండు వంతుల నీళ్లు కలిపితే అక్కడ నమ్మకండి. దారిలో నీళ్లతో టాప్ అప్ చేస్తూ పోతే ఆ లెక్క మారిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

గోదావరిఖని తమ్ముడూ, దించిన పాత కూలెంట్‌ని వాకిట్లో పారబోయకు. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇవ్వు.