మైలోమా తిరగబెట్టింది, నాన్నగారిని కొత్త మందు ట్రయల్‌లో చేరమంటున్నారు

కృష్ణలంక_కూతురు:
నాన్నగారికి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్. మొదట బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు, లెనలిడోమైడ్, డెక్సా అనే స్టెరాయిడ్ ఇచ్చారు. తర్వాత సొంత మూలకణాలతో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. లెనలిడోమైడ్ వేసుకుంటూ బాగానే ఉన్నారు. ఇప్పుడు ఎం స్పైక్ (రక్తంలో మైలోమా కణాలు చేసే ప్రొటీన్) మళ్లీ పెరిగింది, నడుం నొప్పి కూడా మొదలైంది. హైదరాబాద్‌లో డాక్టరుగారు బైస్పెసిఫిక్ యాంటీబాడీ మూడో దశ ట్రయల్ ఉంది, చేరతారా అని అడిగారు. కొత్త మందు వస్తుందో రాదో కంప్యూటర్ తేలుస్తుందట. అమ్మ మాత్రం "ఆయన మీద ప్రయోగాలు చేస్తారా" అని ఒకటే ఏడుపు. మీ ఇళ్లలో ఎవరైనా చేరి ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

శ్రీను_అల్వాల్:
అమ్మా, మా ఆవిడ ఇలాంటి ట్రయల్‌లోనే ఉంది. కొత్త మందు రాలేదు, రెండో గ్రూపులో పడింది. ఆ సాయంత్రం ఇద్దరికీ అన్నం సయించలేదు. కానీ ఆ గ్రూపు అంటే ఉత్త సెలైన్ ఎక్కించి పంపేయడం కాదు. ఆమెకు డారాటుమమాబ్, పోమలిడోమైడ్, డెక్సా ఇస్తున్నారు. బయట కొనాలంటే డారాటుమమాబ్ మా తాహతుకు మించిన మందు. ఎం స్పైక్ బాగా తగ్గింది, మెట్లు ఎక్కుతోంది. అందుకే మీరు మొదట అడగాల్సింది రెండో గ్రూపులో ఏ మందులిస్తారని.

ఇంకో మాట. డారాటుమమాబ్ ఎర్ర రక్తకణాలకూ అంటుకుంటుంది. దానివల్ల బ్లడ్ బ్యాంకులో ఎవరి రక్తం సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచింగ్ గందరగోళం అవుతుంది. మందు మొదలుపెట్టకముందే గ్రూపు, యాంటీబాడీ పరీక్షలు చేయించి ఆ కాగితం పర్సులో పెట్టుకోండి. ఎక్కడ రక్తం ఎక్కించాల్సి వచ్చినా ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి.

ఎడిసన్_రావు:
నేనే పేషెంటునండీ, న్యూజెర్సీలో ఉంటాను. నాలుగైదు రకాల మందులు పనిచేయడం మానేశాక టెక్లిస్టమాబ్ ఇచ్చారు. అమెరికాలో 2022 అక్టోబరులో అనుమతి వచ్చిన బైస్పెసిఫిక్ ఇది. ఈ మందు ఒక కొస మైలోమా కణం మీది బీసీఎంఏ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, రెండో కొస మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాన్ని పట్టుకుంటుంది. రెండింటినీ దగ్గరికి చేర్చాక చంపే పని టీ కణానిది.

అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో 165 మంది ఉన్నారు. 63 శాతం మందికి పనిచేసింది. అప్పటికే అన్ని మందులూ అయిపోయినవాళ్లకు అది చిన్న అంకె కాదు. అయితే 72 శాతం మందికి సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్ (రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా రెచ్చిపోవడం) వచ్చింది, దాదాపు అందరికీ తక్కువ స్థాయిలోనే. నాకూ వచ్చింది. చలి, వణుకు, ఒళ్లు కాలిపోయే జ్వరం. దాన్ని అణిచే టోసిలిజుమాబ్ అనే మందు ఇస్తే దిగింది. మొదట తక్కువ డోసులిచ్చి, ప్రతిసారీ ఆస్పత్రిలో ఉంచుకుని, ఆ తర్వాతే పూర్తి డోసుకు వెళ్తారు. ఆ రోజుల్లో నర్సు వచ్చి రోజూ ఒక వాక్యం రాయమంటుంది, వంద నుంచి పదులు తగ్గిస్తూ లెక్కపెట్టమంటుంది. మెదడు మీద ప్రభావం పడితే ముందు చేతిరాతలో తెలుస్తుందట.

జ్వరం భయం మొదట్లోనే. అసలు జాగ్రత్త పడాల్సింది ఇన్ఫెక్షన్ల గురించి. ఆ ట్రయల్‌లో నాలుగింట మూడొంతుల మందికి ఏదో ఒక ఇన్ఫెక్షన్ వచ్చింది. నాకు ఇమ్యూనోగ్లోబులిన్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు) బాగా పడిపోతే వాటినే ఐవీఐజీగా సెలైన్‌లా ఎక్కిస్తున్నారు. హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా చేయించండి, లోపల దాగి ఉన్న వైరస్ మళ్లీ లేచే ప్రమాదం ఉంది.

లక్ష్మి_ఒంగోలు:
మా అన్నయ్యను ట్రయల్‌లోకి తీసుకోలేదండీ. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎక్కువ ఉందన్నారు. ఆ సంగతి చెప్పేసరికి పాత మందులు ఆపించి చాలా రోజులైపోయింది, ఈలోగా వెన్నుపూస ఒకటి విరిగింది. ట్రయల్‌కు పనికొస్తారా అని చేసే స్క్రీనింగ్ ఎన్ని రోజులు పడుతుందో, అప్పటిదాకా నొప్పికీ ఎముకలకీ ఏం ఇస్తారో గట్టిగా అడగండి. మొహమాటపడొద్దు.

కృష్ణలంక_కూతురు:
లక్ష్మిగారూ, మీ అన్నయ్యగారు ఇప్పుడెలా ఉన్నారు? నాన్నకు క్రియాటినిన్ 1.3 ఉంది. ఒకసారి సంతకం పెట్టాక మధ్యలో వద్దనిపిస్తే వదిలేయనిస్తారా?

వరంగల్_వాణి:
నేను క్లినికల్ రీసెర్చ్‌లో పనిచేస్తాను. ఎప్పుడైనా వదిలేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యం ఆపకూడదు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కున్న 2019 నిబంధనల ప్రకారం ట్రయల్‌లో హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. ఆ హాని ట్రయల్ వల్లేనని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. సమ్మతి పత్రం తెలుగులో అడిగి ఇంటికి తెచ్చుకోండి, అమ్మగారికి చదివి వినిపించండి. దాని మీద సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు ఉంటుంది, ఆ వెబ్‌సైట్‌లో కొడితే ట్రయల్ వివరాలన్నీ కనబడతాయి. మందు పనిచేస్తుండగా ట్రయల్ ముగిస్తే తర్వాత ఇస్తారా లేదా అన్నది పత్రంలో వెతకండి. చాలామంది ఆ పేజీ చూడరు.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయను. 2017లో మైలోమాకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు కలిపి ఇచ్చిన రెండు ట్రయల్స్‌లో ఆ మందు అందిన గ్రూపులోనే మరణాలు ఎక్కువయ్యాయి. లెక్కలు బయటినుంచి చూసే కమిటీ పసిగట్టింది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆపించేసింది. అలా కనిపెట్టి చూసేవాళ్లు ఈ ట్రయల్‌కు ఎవరో అడిగే హక్కు ఆమెకుంది.

లక్ష్మి_ఒంగోలు:
బెల్టు వేసుకుని నడుస్తున్నాడమ్మా. కార్ఫిల్జోమిబ్ మొదలుపెట్టారు.

శ్రీను_అల్వాల్:
వెళ్లేటప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ డిశ్చార్జి సమ్మరీ, పాత బోన్ మారో రిపోర్టులు తీసుకెళ్లండి. ఏ మందు ఏ నెలలో మొదలైంది, ఎప్పుడు ఆపారు అన్నీ అడుగుతారు. విజయవాడ నుంచి రావాలి కదా, ప్రయాణం ఖర్చు ఇస్తారేమో కోఆర్డినేటర్‌ని అడగండి. మాకు బిల్లులు పెడితే ఇచ్చారు.