తంత్రికా, తంద్రికా?

బ్రాడీపేట: పిట్టగోడ మీద తిప్పతీగ కోస్తుంటే దాని సంస్కృత పేర్ల శ్లోకం నోటికొచ్చింది, "వత్సాదనీ ఛిన్నరుహా గుడూచీ..." ఆ తర్వాత తంత్రికామృతానా, తంద్రికామృతానా? మా తాతగారు 'ద్ర' అనే చదివేవారు. ఆ శ్లోకమున్న సంస్కృత నిఘంటువు అమరకోశం అటక మీదుంది, ఎక్కే ఓపిక లేదు.

గవర్నర్‌పేట: 'త్ర'యే అండీ. తర్వాతి పంక్తి "జీవంతికా సోమవల్లీ విశల్యా మధుపర్ణ్యపి". వేపచెట్టుకు పాకినదాన్ని చూడండి, పైనుంచి సన్నటి వేళ్లు వీణ తీగల్లా వేలాడుతుంటాయి. తంత్రి అంటే అదే.

తెనాలి: వీణ దాకా వెళ్లారే! జ్వరమొస్తే తంద్ర రాదూ? ఆ మగత పోగొట్టేది కాబట్టి తంద్రిక. కాండం దంచి, నీళ్లలో పిసికి, వడగట్టి, అడుక్కి దిగిన తెల్లపిండిని ఎండబెడితే తిప్పసత్తు. జ్వరం తగ్గాక నీరసానికి మా నాయనమ్మ తేనెలో రంగరించి నాకించేది.

గవర్నర్‌పేట: మగత పోగొట్టేదానికి మగత పేరే పెడతారా మాస్టారూ? ఆ లెక్కన శొంఠిని అజీర్ణం అనాలి.

అరండల్‌పేట: ఛందస్సుతో ఇది తేలదు. అక్కడ ఐదో అక్షరం లఘువు కావాలి, త్రి అయినా ద్రి అయినా లఘువే. నా పేచీ తంత్రికా, అమృతా అని విడగొట్టి చదివేవాళ్లతో. పాదానికి ఎనిమిదక్షరాలుండాల్సిన అనుష్టుప్పు తొమ్మిదై కుంటుతుంది. విరుపు తెలియాలంటే పోతన దగ్గరికే వెళ్లాలి. భాగవతాన్ని కల్పవృక్షంతో పోల్చిన పద్యంలో "మంజులతాశోభితమున్" అన్నాడా, చెట్టుకైతే మంజు-లతా, అంటే అందమైన తీగలు, భాగవతానికైతే మంజులతా, అంటే మనోహరత్వం. ఒక్క అక్షరం కదపలేదు!

తెనాలి: అదే పద్యంలో "శుకాలాపాభిరామంబు" అంతకన్నా గొప్పది. అటు చిలక పలుకులు, ఇటు శుకమహర్షి.

మంగళగిరి: పోతన సరే. వత్సాదని అంటే దూడలు తినేదట కదా, మా దూడ ముట్టదే? చేదుకి మూతి తిప్పేసుకుంటోంది.

అరండల్‌పేట: లేతాకు పెట్టి చూడండి. ఛిన్నరుహ, అంటే కోసినా మొలిచేది, అన్న పేరు మాత్రం నిజం. జానెడు ముక్క కోసి గోడ మీద మర్చిపోతే అక్కడే చిగురేసింది.

గవర్నర్‌పేట: చదివి కషాయాలు మొదలెట్టేవాళ్లకి ఒక మాట. షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా తాగకండి, దీనికీ షుగర్ తగ్గించే గుణం ఉంది.

తెనాలి: డాక్టరు సంగతి సరే, మీ శొంఠికి నా జవాబు వినండి. జ్వరాంకుశం అన్న మందు పేరులో జ్వరం లేదూ?

గవర్నర్‌పేట: పక్కనే అంకుశం కూడా ఉంది కదండీ.