2006 నాటి బాయిలర్ స్థానంలో మళ్ళీ గ్యాసా, హీట్ పంపా?

రెడింగ్ గృహస్థు

మాది ఇంగ్లండులోని రెడింగ్‌లో 1930లలో కట్టిన మూడు పడకగదుల సెమీ డిటాచ్డ్ (ఒక పక్క మాత్రం పక్కింటికి అతుక్కున్న) ఇల్లు. గదుల్లోని రేడియేటర్లకూ, స్నానానికీ గ్యాస్‌తో నీళ్ళు కాచే కాంబి బాయిలర్ 2006లో బిగించినది; గత శీతాకాలంలో మూడుసార్లు ఆగిపోయింది. రెండుసార్లు ప్రెషర్ పడిపోయి, ఒకసారి బయటికి నీరు పోయే సన్నని గొట్టం గడ్డకట్టి. చివరిసారి వచ్చిన గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనికి అధికారిక నమోదున్న) మెకానిక్, విడిభాగాలు దొరకడం కష్టమవుతున్నదని, మరమ్మతుకు పెట్టే డబ్బు కొత్తదానికే పెట్టుకోవడం మేలని చెప్పి వెళ్ళారు.

నా దగ్గర రెండు కోటేషన్లు ఉన్నాయి. కొత్త గ్యాస్ బాయిలర్‌కు అన్నీ కలిపి 2,900 పౌండ్లు. బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంప్‌కు 13,400 పౌండ్లు, ప్రభుత్వ గ్రాంటు 7,500 పోగా 5,900. ఏడాదికి మా గ్యాస్ వాడకం సుమారు 12,000 యూనిట్లు (కిలోవాట్ అవర్లు), అందులో వంటకు పోయేది స్వల్పం. మా బిల్లులో గ్యాస్ యూనిట్ 6 పెన్సులు, కరెంటు 26 పెన్సులు. పక్కింటివారి గోడ దగ్గరగా ఉంది కనుక బయట పెట్టే హీట్ పంప్ చప్పుడు గురించి కూడా బెంగ ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లీడ్స్ తెలుగువాడు

సందేహం అక్కరలేదు, గ్యాసే పెట్టించండి. మీ బిల్లు ప్రకారమే కరెంటు ధర గ్యాస్‌కు నాలుగు రెట్లు దాటింది. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తుందని అంటారు; నాలుగు రెట్ల ధర పెట్టి మూడు రెట్ల వేడి కొనుక్కోవడంలో లాభమెక్కడ? 2035 నుంచి కొత్త గ్యాస్ బాయిలర్లు పెట్టనివ్వరని కొందరు భయపెడతారు గాని, ఆ గడువును 2023 సెప్టెంబరులోనే ప్రభుత్వం సడలించింది. ఇప్పుడు పెట్టిన బాయిలర్ పదిహేనేళ్ళు నడిస్తే, అప్పటి ధరలు చూసి అప్పుడు ఆలోచించుకోవచ్చు.

మిల్టన్ కీన్స్ నివాసి

లీడ్స్ మిత్రులు చెప్పిన లెక్కలో గ్యాస్ బాయిలర్ నూటికి నూరు పాళ్ళు వేడి ఇస్తుందన్నట్టుగా ఉంది. అది నిజం కాదు. మా ఇంట్లో హీట్ పంప్ పెట్టి రెండు శీతాకాలాలు గడిచాయి. ఏడాది మొత్తానికి మా మీటరు చూపినది యూనిట్‌కు 3.6 యూనిట్ల వేడి. హీట్ పంప్ ఉన్నవారికి కొన్ని కంపెనీలు ఇచ్చే ప్రత్యేక టారిఫ్ తీసుకున్నాక, మాకు సగటున యూనిట్ 19 పెన్సులు పడుతున్నది. పైగా గ్యాస్ కనెక్షన్ తీసేయించుకున్నాం కనుక రోజుకు సుమారు 30 పెన్సుల స్టాండింగ్ ఛార్జీ (వాడినా వాడకపోయినా కట్టేది) కూడా మిగిలింది.

బిల్లులో కనిపించని సంగతి ఒకటి. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు, పాత బాయిలర్ ఉదయం రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు మండి ఆగిపోతే, మధ్యాహ్నమంతా వారు స్వెట్టర్ మీద శాలువా కప్పుకొని కూర్చునేవారు. ఇప్పుడు రోజంతా ఒకే తీరుగా గోరువెచ్చగా ఉంటున్నది. చప్పుడు మాకు ఇబ్బంది కలిగించలేదు. సరిహద్దుకు మీటరు దూరం ఉండాలన్న నిబంధనను కూడా ఇంగ్లండులో 2025 మేలో తొలగించారు, అయితే శబ్దపరిమితి మాత్రం ఉంది.

లీడ్స్ తెలుగువాడు

గ్యాస్ కనెక్షన్ తీసేస్తే పుల్కా దేనిమీద పొంగిస్తారు? అప్పడం దేనిమీద కాలుస్తారు? వేళాకోళం కాదు. పొయ్యి కోసం గ్యాస్ ఉంచుకుంటే స్టాండింగ్ ఛార్జీ మిగలదు. ఇండక్షన్‌కు మారితే పొయ్యి ఖర్చు, వైరింగు ఖర్చు, అల్యూమినియం కుక్కర్లు, అట్లపెనాలు మార్చే ఖర్చు లెక్కలోకి రావాలి. కోటేషన్ ఇచ్చేవారు ఇవి చెప్పరు.

కోవెంట్రీ ఇంజనీరు

భవనాల తాపన వ్యవస్థలు డిజైన్ చేయడం నా వృత్తి. పొయ్యి ఖర్చు కలపాలన్న మాట న్యాయమైనదే. దానికి 900 పౌండ్లు వేసుకొని లెక్క కడదాం.

పాత బాయిలర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తున్నదనుకుంటే, 12,000 యూనిట్ల గ్యాస్‌తో ఇంటికి అందే వేడి 9,600 యూనిట్లు. అదే వేడికి 90 శాతం సామర్థ్యమున్న కొత్త బాయిలర్ ఏడాదికి 640 పౌండ్ల గ్యాస్ కాలుస్తుంది; స్టాండింగ్ ఛార్జీ 110 కలిపితే 750. మిల్టన్ కీన్స్ వారి 3.6 తీసుకుంటే హీట్ పంప్‌కు 2,667 యూనిట్ల కరెంటు కావాలి. మీ 26 పెన్సుల ధరకు అది 693 పౌండ్లు, వారి 19 పెన్సుల ధరకు 507. అంటే ఆదా మొదటి పద్ధతిలో 57, రెండవ పద్ధతిలో 243 పౌండ్లు. పొయ్యితో కలిపి అదనపు ఖర్చు 3,900 కనుక, మంచి టారిఫ్ దొరికినా పదహారేళ్ళు పడుతుంది. డబ్బు ఒక్కటే కొలమానమైతే లీడ్స్ వారి మాటకే మొగ్గు.

కానీ ఈ లెక్కలోని 90 గాని, 3.6 గాని యంత్రంతో పాటు పెట్టెలో రావు. రెంటినీ నిర్ణయించేది రేడియేటర్లలోకి వెళ్ళే నీటి వేడి. 2005 ఏప్రిల్ నుంచి ఇక్కడ కొత్త బాయిలర్లు కండెన్సింగ్ రకంవే, అంటే పొగలోని ఆవిరి వేడిని కూడా రాబట్టేవే, కావాలన్నారు, మీదీ అదే. పొగలోని ఆవిరి నీరుగా మారి తన వేడిని తిరిగి ఇవ్వాలంటే, రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. చాలా ఇళ్ళలో నీటిని 75 డిగ్రీలకు పెట్టి వదిలేస్తారు. అక్కడ కొత్త బాయిలర్ పెట్టినా అనుకున్నంత ఆదా రాదు. హీట్ పంప్‌కూ ఇంతే, నీరు ఎంత వేడిగా కావాలంటే అంత ఎక్కువ కరెంటు తాగుతుంది.

కాబట్టి ఏదీ కొనకముందు, కాంబిలో స్నానపు నీటికి వేరే మీట ఉంటుంది కనుక దాన్ని ముట్టుకోకుండా, తాపనపు మీటను 50 డిగ్రీలకు తగ్గించి, రోజంతా నడిపి చూడండి. 75 దగ్గర ఇచ్చే వేడిలో రేడియేటర్లు 50 దగ్గర సగం కూడా ఇవ్వవు, అందుకే రోజంతా నడపమన్నది. బయట సున్నా డిగ్రీలున్న రోజున కూడా ఇల్లు వెచ్చబడితే, మీ ఇల్లు హీట్ పంప్‌కు సిద్ధంగా ఉన్నట్టే. 2005కు ముందరి కండెన్సింగ్ కాని బాయిలర్లతో మాత్రం ఈ ప్రయోగం వద్దు. లోపల నీరు చేరి తుప్పు పడుతుంది.

రెడింగ్ గృహస్థు

పది రోజులు నడిపి చూశాను. అందులో రెండు ఉదయాలు బయట మంచు పేరుకున్నది. ముందుగది, పడకగదులు 20 డిగ్రీల కంటే తగ్గలేదు. తర్వాత కట్టిన వెనుకగది మాత్రం 16 దాటలేదు, అక్కడ ఉన్నది ఒంటిపలక రేడియేటర్.

ఇంకొక చిక్కు ఇప్పుడే తెలిసింది. హీట్ పంప్‌కు వేడినీళ్ళు నిలవ ఉంచే సిలిండర్ (పెద్ద ట్యాంకు) కావాలట; అది పట్టే అల్మారా ఇంట్లో ఒక్కటే, అందులో మేము దేవుణ్ణి పెట్టుకున్నాం. ఈశాన్యం నుంచి దేవుణ్ణి కదిలించి ఆ చోట నీళ్ళు కాగబెడతానంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.

కోవెంట్రీ ఇంజనీరు

వెనుకగదికి రెండు పలకల రేడియేటర్ వేయించి, పైకప్పులో వేడి బయటికి పోకుండా వేసే ఇన్సులేషన్ ఎంత ఉందో చూపించండి. గ్యాస్ ఉంచుకున్నా ఆ ఖర్చు వృథా కాదు. సిలిండర్‌కు గరాజ్ ఉందేమో చూడండి.

లీడ్స్ తెలుగువాడు

ఈలోగా జనవరిలో బాయిలర్ ఆగిపోతే? హీట్ పంప్ సర్వేకు, అనుమతులకు, బిగింపుకు వారాలు పడతాయి. చలిలో వారాలు ఎవరు ఆగుతారు, రెండు రోజుల్లో గ్యాస్ బాయిలరే పెట్టించుకుంటారు.

రెడింగ్ గృహస్థు

అందుకే నిర్ణయం ఏప్రిల్‌కు పెట్టుకున్నాను. రేడియేటర్ వచ్చే వారం మారుస్తున్నారు. సిలిండర్‌ను గరాజ్‌లో పెట్టేలా కొత్త కోటేషన్ అడిగాను. అప్పటిదాకా బాయిలర్ 50 దగ్గరే నడుస్తుంది. అది మొండికేస్తే ఉంటాయని రెండు ఎలక్ట్రిక్ హీటర్లు కొని మెట్లకింద పెట్టాను.